మందు కొట్టని చేలో లేని దోమ నా చేలోకి ఎలా వచ్చింది?

ప్రశ్న: 3 ఎకరాల్లో సాంబ మసూరి (బీపీటీ 5204) రకం వరి వేశాను. పొట్ట దశలో ఉంది. నాటిన 20వ రోజున పురుగుమందు గుళికలు చల్లాను, తర్వాత ఆకుముడత పురుగుకని సైపర్‌మెత్రిన్ కలిసిన మందు రెండుసార్లు కొట్టాను. ఇప్పుడు దుబ్బుల మొదట్లో, వరి రసం పీల్చే సుడిదోమ కుప్పలుగా ఉంది. పక్క చేలో ఒక్కసారీ మందు కొట్టలేదు, అక్కడ ఇంత దోమ లేదు. నాకు నకిలీ మందు అంటగట్టారా?
– ఒక రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: నకిలీ అయి ఉండక్కర్లేదు. మందు బాగానే పనిచేసింది, కాకపోతే దోమ కంటే దోమను తినేవాటి మీద ఎక్కువ పనిచేసింది.

నాట్లు వేసిన కొత్తలో మడిలో దోమ ఉండదు. నీళ్లలో కుళ్లే గడ్డీగాదం తిని పెరిగే సన్నటి ఈగలు మాత్రం బోలెడు. సాలీళ్లు మొదట వీటిని తిని పిల్లలు పెడతాయి. దోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. 20వ రోజు గుళికలతో మీరు ఆ కాపలాను ముందే తీసేశారు. దోమ గుడ్లు కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగు లోపల ఉంటాయి కాబట్టి మందు తగలదు. వారం, పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అప్పటికి వాటిని పట్టేవాడు లేడు. ఇండోనేషియాలో ఇదే జరిగి, 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 పురుగుమందులు నిషేధించింది.

పక్క చేలో దిగి ఒక దుబ్బును చేత్తో తట్టి నీళ్లలోకి చూడండి. ఆకుపచ్చ ఒళ్లు, నల్ల తలతో చకచకా పరుగెత్తే చిన్న పురుగు కనిపిస్తే అది మిరిడ్ నల్లి, దోమ గుడ్లను పీల్చి చంపేది అదే. చాలామంది దాన్ని వరికి హాని చేసే పచ్చదోమ అనుకుని మందు తెస్తారు!

ఇప్పుడు మీ చేలో దుబ్బుకు 20–25 దోమలు దాటితే ఆగొద్దు. నీరు తీసేసి, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున పైరును పాయలు తీసి ఒరగదీయండి. ఎకరాకు పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ అనే దోమ మందు 120 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి దుబ్బుల మొదళ్లు తడిసేలా కొట్టాలి. పైపైన కొడితే డబ్బు దండగ. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్ మందుల జోలికి మళ్లీ వెళ్లొద్దు. యూరియా కూడా ఆపండి, ముదురాకుపచ్చగా ఏపుగా ఉన్న పైరంటే దోమకు పండగే.

వచ్చే ఖరీఫ్‌లో దోమను కొంత తట్టుకునే ఇంద్ర (ఎంటీయూ 1061) రకం చూడండి. సాంబే కావాలంటే నాటేటప్పుడే తూర్పు పడమరలుగా కాలిబాటలు వదలండి, మొదటి 30 రోజులు మాత్రం పురుగు లెక్కపెట్టకుండా గుళికలు చల్లకండి.