ఆ వాపు, తలనొప్పి ఎండ వల్లేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఇది తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది. వారం రోజులుగా ఎండలు మండిపోతున్నాయి. సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. అప్పుడప్పుడు పొట్ట గట్టిపడి మళ్లీ వదులవుతోంది. రెండు రోజులుగా తలనొప్పి కూడా ఉంది. ఎండలు తగ్గితే అన్నీ సర్దుకుంటాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు. వేడి వల్ల నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం ఉందా? చలికాలంలో గర్భిణులకు బీపీ పెరుగుతుందన్న మాట నిజమేనా?

జవాబు: మిగతా విషయాలకన్నా ముందు మీ తలనొప్పి గురించి చెప్పాలి. ఈ జవాబు చదివిన రోజే బీపీ చూపించుకుని, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. ఎండాకాలంలో పాదాలు వాచడం చాలామంది గర్భిణుల్లో మామూలే. కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే తెల్లవారేసరికి చాలావరకు తీస్తుంది. అయితే ముఖం, చేతులు కూడా ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, చూపు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ఆ నెపం ఎండ మీదకు నెట్టకూడదు. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా వెళ్లే జబ్బు ఇది. నా దృష్టిలో వేసవిలో గర్భిణికి వేడి చేసే చెరుపు ఎంతో, ప్రతి లక్షణాన్నీ 'వేడి చేసింది' అని తేల్చేసి రోజులు గడపడం వల్ల జరిగే చెరుపూ అంతే.

ఇక నెలలు నిండని కాన్పు విషయం. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె ఎక్కువ పని చేస్తుంది, శరీరంలో పుట్టే వేడీ పెరుగుతుంది. కడుపులోని శిశువు ఒంటి వేడి తల్లికన్నా సుమారు అర డిగ్రీ ఎక్కువగా ఉంటుంది. ఆ వేడి ప్రధానంగా మాయ ద్వారా తల్లి రక్తంలోకి చేరి, ఆమె చర్మం మీదుగానే బయటకు పోవాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు, లవణాలు పోతాయి, గర్భాశయానికి అందే రక్తం తగ్గవచ్చు. ఒంట్లో నీరు తగ్గితే గర్భాశయ కండరాలు తేలిగ్గా ముడుచుకుంటాయి. మీ పొట్ట గట్టిపడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు కాబట్టి, అదే ఉష్ణోగ్రత దగ్గర ఉక్కపోత రోజు మరింత కష్టంగా గడుస్తుంది.

27 దేశాల అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధనలో, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పు అవకాశం సుమారు 5 శాతం, వడగాలుల రోజుల్లో 16 శాతం పెరుగుతున్నట్టు తేలింది. ఈ అంకెలు చూసి బెంబేలెత్తకండి. ప్రపంచం మొత్తం మీద ప్రతి పదిమంది శిశువుల్లో ఒకరు నెలలు నిండకముందే పుడుతున్నారు. నూరింట పది అనుకుంటే, 5 శాతం పెరుగుదల అంటే పదిన్నర అయినట్టు. ఒక్క తల్లికి ఇది చిన్న తేడాయే. లక్షల కాన్పులకు లెక్కేస్తే మాత్రం పెద్దదే. ఎండలోనే పని చేయక తప్పని గర్భిణుల మీద ఆ భారం ఎక్కువగా పడుతుంది.

దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్టే. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ప్రీఎక్లాంప్సియా ఉందని తేలినవారు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. నీళ్లు తాగి, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నా పొట్ట గట్టిపడటం ఆగకుండా క్రమం తప్పకుండా వస్తుంటే, ఉమ్మనీరు లేదా రక్తం కనిపిస్తే, బిడ్డ కదలికలు తగ్గితే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి బీపీ కొంత పెరగడం నిజమే. చలికాలపు కాన్పుల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పినా, అన్ని ప్రాంతాల్లోనూ ఫలితాలు ఒకేలా లేవు. అంతకుముందు గర్భంలో ఈ జబ్బు రావడం, ముందే ఉన్న బీపీ, షుగరు, కవలలు వంటివి ఋతువుకన్నా చాలా బలమైన కారణాలు.

ప్రశ్న: నాకు రెండో నెల. వాతావరణం మారి జ్వరం వచ్చింది. మందు వేసుకుంటే బిడ్డకు హాని అని భయపడుతున్నాను.

జవాబు: జ్వరాన్ని అలాగే వదిలేయడమే ఎక్కువ హాని. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం గర్భం నిలిచిన తొలి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. ఆ రోజుల్లో తల్లి ఒంటి వేడి 39 డిగ్రీల సెల్సియస్ దాటితే అందులో లోపాల ముప్పు పెరుగుతుంది. మీకు ఆ దశ దాటిపోయి ఉండవచ్చు, అయినా జ్వరం తగ్గించుకోవాల్సిందే. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా వేసుకోకండి. వానాకాలమైతే మలేరియా, డెంగీ పరీక్షలు తప్పనిసరిగా అడగండి. మలేరియా వల్ల గర్భిణికి రక్తహీనత వచ్చి, శిశువు బరువు తగ్గుతుంది. వేడి నీటి తొట్టెలో ఎక్కువసేపు కూర్చునే అలవాటుంటే ఈ నెలల్లో మానేయండి.

ప్రశ్న: తుపాను సమయంలో వాయుపీడనం తగ్గి ఉమ్మనీరు పోతుందంటారు. నిజమా?

జవాబు: దీనిమీద జరిగిన పరిశోధనలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. తేడా కనిపించినచోట కూడా అది స్వల్పమే. తుపానులో అసలు చిక్కు దారులు మూసుకుపోవడం. కాన్పు తేదీ దగ్గర పడినవారు హెచ్చరిక రాగానే ఆస్పత్రికి దగ్గరలో ఉండే ఏర్పాటు చేసుకోవాలి. పరీక్షల కాగితాలు, బీపీ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారైతే దాన్ని చల్లగా ఉంచే పెట్టె వెంట తీసుకెళ్లాలి.