గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎందుకొస్తుంది? వస్తే నయమవుతుందా?

తొందరగా పట్టుకుంటే నయమవుతుంది. మా పిన్నికి ఆలస్యమైంది, అందుకే ఇంత రాస్తున్నాను.

ముట్లుడిగిన ఆరేళ్లకి ఆవిడకి మళ్లీ బ్లీడింగ్ మొదలైంది. చూపించుకున్న డాక్టరు లోపల పరీక్షే చెయ్యకుండా అయిదు నెలలు బలానికి మాత్రలిచ్చాడు. ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా లోపల చూసి తీరాలి. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

వేరేచోట బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చేయిస్తే రెండో స్టేజీ అని తేలింది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుందనీ, అది కలయిక వల్ల సోకుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. పిన్ని బతుకుతానా అని అడగలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇది మా ఆయనకి చెప్పేస్తారా అమ్మా?" అంది. ముప్పయ్యయిదేళ్ల కాపురం ఆవిడది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. కాపురం చేసేవాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదేననీ, చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుందనీ, పోకుండా ఉండిపోతే 15, 20 ఏళ్లకి కొందరిలో క్యాన్సరవుతుందనీ చెప్పింది. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచొచ్చిందో ఎవరూ తేల్చలేరంది. అప్పుడు ఏడ్చింది పిన్ని.

2022లో ప్రపంచమంతా కలిపి సుమారు 6,60,000 మందికి ఈ జబ్బు వచ్చింది, 3,50,000 మంది పోయారు. వాళ్లలో సగం మందిని సిగ్గే చంపిందని నా నమ్మకం.

పిన్నికి అయిదు వారాలు బయటి నుంచి రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆ తర్వాత బ్రాకీథెరపీ, అంటే లోపల పెట్టే రేడియేషన్. మొత్తం ఎనిమిది వారాల్లో అయిపోవాలి, సాగదీస్తే ఫలితం తగ్గుతుంది. మధ్యలో మెషీన్ పాడైందని మూడు రోజులు ఆపేస్తే నేను గొడవపెట్టుకున్నాను. యోని కుంచించుకుపోతుందని, విరేచనాలు నెలల తరబడి వేధిస్తాయని ముందు ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. తొమ్మిదేళ్లయింది, పిన్ని బాగానే ఉంది.

మా అమ్మాయికి పన్నెండేళ్లకే టీకా వేయించాను. "అంత చిన్నపిల్లకి ఇప్పుడెందుకు?" అని మా అత్తగారు అడిగారు. వైరస్ సోకకముందు వేస్తేనే బాగా పనిచేస్తుంది, అందుకే. అయినా టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు. ముప్పై దాటాక అమ్మాయి పరీక్షలు చేయించుకోవాల్సిందే. నేనైతే ఇప్పటికి రెండుసార్లు చేయించుకున్నాను.