పోస్ట్‌మాస్టరైన మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. పోస్ట్‌మాస్టర్‌గా చార్జి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కౌంటరు పని, లెక్కలు నీకు నేర్పక్కర్లేదు. స్టాఫ్ తప్పు చేస్తే ఎలా చెప్పాలని అడిగావట, దాని గురించే రాస్తున్నాను.

సర్కారీ ఆఫీసుల్లో ఒక పాత అలవాటుంది. ఏడాది పొడుగునా నోరు మెదపరు, మార్చి దాటాక రిపోర్టులో రాసి పడేస్తారు. సరిహద్దు రోడ్లు వేసే కేంద్ర సంస్థ బోర్డర్ రోడ్స్‌లో పనిచేసే దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఓ ఏడాది ‘గుడ్’ అని రాశారు. ప్రమోషన్‌కేమో ‘వెరీ గుడ్’ కావాలి. చెడ్డ రిమార్కు కాదు కదా అని ఆయనకు చెప్పలేదు, ప్రమోషన్ మాత్రం ఆగిపోయింది. ఏ గ్రేడ్ ఇచ్చినా ఉద్యోగికి తెలపాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2009లో కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటినుంచి ఏపీఏఆర్ (ఏడాది పనితీరు రిపోర్టు) మొత్తం చూపిస్తున్నారు, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజుల గడువు. అయినా, జూన్‌లో జరిగిన పొరపాటును మరుసటి వేసవిలో కాగితం మీద చదివి ఎవరు దిద్దుకుంటారు? ఏ రోజు మాట ఆ రోజే చెప్పెయ్.

ఎలా చెప్పాలంటావా? స్పీడ్ పోస్ట్ ఒకటి ‘డోర్ లాక్‌డ్’ అని వెనక్కొచ్చిందనుకో. ఆ ఇంటావిడ కౌంటరు దగ్గరికొచ్చి, పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉన్నామని గొడవ. అక్కడికక్కడే పోస్ట్‌మ్యాన్‌ను పిలిచి నిలదీస్తే ఆవిడ చల్లబడుతుంది, అతను మాత్రం ఇక నీ మొహం చూడడు. ముందు కవరు ఇచ్చి ఆవిడను పంపించు. డెలివరీ లెక్క అప్పజెప్పాక అతన్ని లోపలికి పిలిచి కూర్చోమను. “మీరు అసలు బీట్‌కే (ఉత్తరాలు పంచే వీధులకే) వెళ్లట్లేదట” అనకు. ఆ ఒక్క కవరు సంగతే ఎత్తి, “ఈ వీధికి ఎన్నింటికి వెళ్లారు?” అని అడిగి ఊరుకో.

నా సర్వీసులో నేనలా అడిగితే ఒక పోస్ట్‌మ్యాన్ కాసేపు నసిగి అసలు సంగతి చెప్పాడు. సెలవులో ఉన్న మనిషి బీట్ కూడా తన మీదే పడిందట, మోకాళ్ల నొప్పితో నాలుగో అంతస్తు ఎక్కలేక కిందినుంచే పిలిచి వచ్చేశాడట. పాపం అనిపించింది. అయినా అబద్ధం రిమార్కు తప్పే కదా. “ఎక్కలేకపోతే ఎక్కలేదని నాకు చెప్పండి, డోర్ లాక్‌డ్ అని మాత్రం రాయొద్దు” అన్నాను. మర్నాడు ఆ రెండో బీట్‌ను ఇద్దరికి పంచాను.

నీకంటే పాతికేళ్లు పెద్దవాళ్లుంటారు. గారు అను, మీరు అను. మొహమాటంతో మాట నానబెట్టకు. “మీరు చాలా బాగా చేస్తారండీ, కానీ...” అని మొదలెడితే ఆ పొగడ్త ఎందుకొచ్చిందో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మెచ్చుకోదలిస్తే వేరే రోజు, ఫలానా పని అని చెప్పి మెచ్చుకో.

చీటికీమాటికీ క్రమశిక్షణ నిబంధనల్లోని రూల్ 16 ఎత్తకు. చిన్న శిక్షల చార్జిషీటు అది, రోజూ బెదిరిస్తే ఎవరూ లెక్కచెయ్యరు. డబ్బు వ్యవహారం మాత్రం వేరు. డిపాజిట్ సొమ్ము తీసుకుని ఆ రోజు లెక్కలో చూపలేదంటే, కూర్చోబెట్టి నచ్చజెప్పే దశ దాటిపోయినట్టే. వెంటనే పైకి రిపోర్ట్ చెయ్. జాలిపడి సర్దావో, నువ్వూ ఇరుక్కుంటావు.

చెప్పి వదిలెయ్యకు. వారం పది రోజులకు ఆ పనే మళ్లీ చూడు. మారితే మారిందని చెప్పు, చాలామంది ఆఫీసర్లు ఇదే మర్చిపోతారు. మారకపోతే తేదీ వేసి రాసుకుని రెండోసారి పిలు.

అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

మీ మామయ్య