లైఫ్ పడ్డవాళ్లు 14 ఏళ్లకి బయటికొచ్చేస్తారా? పెరోల్ ఎవరిస్తారు?

ముందు ఆ పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క మర్చిపోండి. మా ఊళ్లో టీకొట్టు దగ్గర ఇప్పటికీ చెప్తారు, లైఫ్ అంటే 14, రాత్రిళ్లు కూడా కలిపితే 7 అని, సినిమాల పుణ్యం. జీవితఖైదు అంటే బతికున్నంత కాలమే, సుప్రీంకోర్టు 1961లోనే చెప్పీసింది. మరి 14 ఏటంటే, హత్య కేసుల్లాంటి వాటిలో సర్కారు శిక్ష తగ్గించాలనుకున్నా అంతకు ముందు వదలకూడదని సీఆర్పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 433ఏలో గీసిన గీత, ఇప్పుడది దాని బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 475. పని చేసినందుకు, గొడవల్లేకుండా ఉన్నందుకు ఇచ్చే మాఫీ రోజులు ఈ 14లో కలవవు, నికరంగా లోపల ఉండాల్సిందే. గవర్నరుకి రాజ్యాంగం 161 ఆర్టికల్ కింద ముందే వదిలే అధికారం ఉంది గానీ అది కేబినెట్ మాట మీదే నడుస్తాది.

ఇవన్నీ నేను లా చదివి చెప్పట్లేదు. మాది పలాస దగ్గర ఉద్దానం. మా చిన్నాన్న దాయాదులతో జీడితోట గట్టు తగాదాలో 2008లో లోపలికెళ్లాడు. విశాఖ సెంట్రల్ జైలు. ములాఖత్‌కి పొద్దున్నే పాసింజర్ ఎక్కి, ఆరిలోవ వరకు ఆటో పట్టుకుని, అద్దం అవతల మనిషిని పది నిమిషాలు చూసి రావడం, రోజంతా దానికే. (ఆధార్ జిరాక్స్ మర్చిపోతే ఆ పది నిమిషాలూ లేవు, గేటు బయట జిరాక్సు కొట్టువాడు అయిదు రూపాయలు తీసుకుంటాడు కాపీకి, వాడి వ్యాపారమే బావుంది.)

పెరోల్, అంటే ఇంట్లో అవసరానికి కొన్నాళ్లు బయటికి వదలడం, జైలు వాళ్లు ఇస్తారనుకుంటారు అందరూ. అర్జీ తీసుకునేదే వాళ్లు. అసలు జీవో రావాల్సింది ప్రభుత్వం నుంచి, దానికి ముందు పోలీసు రిపోర్టు. నన్నడిగితే జైల్లో పదేళ్లు బుద్ధిగా ఉన్నదాని కన్నా ఊళ్లో పావుగంట ఎంక్వైరీకే విలువెక్కువ. మా నాయనమ్మ పోయినప్పుడు అర్జీ పెడితే 'వస్తే గొడవలవుతాయి' అని రిపోర్టు వెళ్లింది, స్టేషన్ పేరు చెప్పను, దినం కూడా అయిపోనాది, చిన్నాన్న రాలేదు. హర్యానాలో ఓ బాబాకి మాత్రం పెరోల్ మీద పెరోల్.

2019లో చిన్నాన్న కూతురు, మా చెల్లి, పెళ్లికి మళ్లీ పెట్టాం. కానిస్టేబుల్ బండి మీదొచ్చి నేరుగా ఆ తగాదాలో చనిపోయినాయన భార్య ఇంటికెళ్లాడు, నాకు వరుసకి పెద్దమ్మ, మా వీధే. నేను వెనకాలే వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. అరుగు మీద జీడిపప్పు పొట్టు తీస్తంది ఆవిడ, ఒళ్లో గుడ్డ పరుచుకుని, చేతిలో చిన్న కత్తి. మీకేమైనా అభ్యంతరమా అమ్మా అంటే తల ఎత్తలేదు. రెండు మూడు పప్పులు ఒలిచింది. 'ఆ చెట్లు తిత్లీ తుపానుకి పడిపోనాయి బాబూ, గట్టూ లేదు ఇప్పుడు, ఏటి రాసుకుంటావో రాసుకో' అంది. ఆయన రాసుకున్నాడు. పదిహేను రోజులకి జీవో వచ్చింది, ఇద్దరు జామీను, రోజూ స్టేషన్లో సంతకం.

పెళ్లిలో నాకు గుర్తున్నది తాళి కాదు. సాయంత్రం అయిదుకల్లా చిన్నాన్నకి ఆకలి. జైల్లో ఆ వేళకే పెట్టేసి లాకప్ చేసేస్తారట. విందు రాత్రి కదా, ఏ వంటా కాలేదు, వంటవాళ్ల పాకలో కూర్చుని వేడన్నంలో ఉప్పు, మజ్జిగ కలుపుకుని తినీసాడు, కంచం తనే కడిగి బోర్లించాడు. ముహూర్తం రాత్రి రెండింటికి. కన్యాదానం పీటల మీద కూర్చుని తూలుతున్నాడు, పంతులుగారు రెండుసార్లు మోచేత్తో పొడిచారు. తెల్లారి నా బండి మీద పదకొండు కిలోమీటర్లు, సంతకానికి, అదే పట్టుపంచెతో.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఫర్లో, అంటే జైల్లో బుద్ధిగా ఉన్నందుకిచ్చే సెలవు, దాని మీద బయట ఉన్న రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు. 14 ఏళ్ల లెక్కలోంచి కూడా తీసేయాలని 2023లో సుప్రీంకోర్టు ఒక గోవా కేసులో మళ్లీ చెప్పింది. అంటే కూతురి పెళ్లికి బయటున్న రోజులన్నీ చిట్టచివర కట్టాలి. మా పిన్ని వడ్డీ కూడా వేస్తారేటి అంది. తీర్పుకి ముందు రిమాండులో ఉన్న రోజులకైతే సెట్ ఆఫ్ ఉంది, అవి కలుస్తాయి, మీవాళ్లెవరైనా ఉంటే ఆ కాగితం జాగ్రత్త.

ఇప్పుడు 14 దాటింది. ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ విడుదల లిస్టులో పేరుందేమో అని పిన్ని నాచేత ఫోన్లో వెతికిస్తాది. మొన్న మళ్లీ ఎంక్వైరీ అని కొత్త కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. పెద్దమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర చెన్నైలో ఉంటంది, అవతలి పార్టీ నంబరు మీ దగ్గరుందా అనడిగాడు. ఇచ్చాను.