పాత మోటార్లు: తూకానికి వేయాలా, బాగుచేయించి అమ్మాలా?

ప్రశ్న: పూతలపట్టు దగ్గర మా నాన్నగారు నడిపిన వేరుశెనగ నూనె మిల్లు మూతపడింది. షెడ్డులో 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్లు ఆరు, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్‌వి రెండు, బోరులోంచి తీసిన 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ఒకటి, దాని కేబులు 250 మీటర్లు ఉన్నాయి. గుజిరీ అంగడాయన అన్నీ కలిపి కిలో 75 రూపాయలకు ఎత్తుకుపోతానంటున్నాడు. రీవైండింగ్ చేయించి (కాలిన తీగ తీసి కొత్తది చుట్టించి) అమ్మితే 5 హెచ్‌పీది ఒక్కోటి 7,000 పలుకుతుందని మా బావ అంటున్నాడు. వైండింగ్ అంగట్లో ఒక్కోదానికి 4,200 అడిగారు. షెడ్డు బాడుగ నెలకు 3,500. ఏం చేయమంటారు?

జవాబు: మీరు మోటార్ల గురించి అడిగారు గానీ, అసలు డబ్బు కేబులులో ఉంది. ముందు ఆ చుట్టను తీసి పక్కన పెట్టండి. తొడుగు మీద సైజు అచ్చు వేసి ఉంటుంది. మూడు కోర్ల, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులయితే మీటరుకు 107 గ్రాముల రాగి. 250 మీటర్లకు దాదాపు 27 కిలోలు. లెక్క కోసం పాత రాగి కిలో 700 వేసుకుంటే 18,900 అవుతుంది. అదే చుట్ట తొడుగుతో కలిపి 55 కిలోలు తూగిందనుకుంటే, 75 చొప్పున మీ చేతికొచ్చేది 4,125. ఎత్తుకుపోతానని ఆయన ఎందుకు తొందరపడుతున్నాడో అర్థమయ్యిందిగా! కొస కత్తిరించి చాకుతో గీకి చూడండి. ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం, అప్పుడు ఈ లెక్క చెల్లదు. తొడుగు పగలకుండా, ఒకటి రెండు జాయింట్లే ఉంటే రాగిగా కాకుండా కేబులుగానే రైతులకో, బోరు మోటార్లు దించేవాళ్లకో అమ్మండి. కాల్చి రాగి తీయించే పని మాత్రం పెట్టుకోవద్దు. పీవీసీ పొగ విషం, పైగా నల్లబడిన రాగికి రేటు కోస్తారు.

ఇక మీ బావగారి మాట. 7,000కే అమ్ముడుపోయిందనుకుందాం. రీవైండింగ్ 4,200, బేరింగుల జత 600, ఆటో బాడుగ 300. ఈ 5,100 పోను మిగిలేది 1,900. అదే మోటారు కాలింది కాలినట్టే తూకానికి వేస్తే 40 కిలోలకు 3,000 వస్తుంది. అంటే మోటారుకు 1,100 చేతి నుంచి పెట్టుకున్నట్టు. కొన్నవాడు వారం తిరక్కుండా వెనక్కి తెచ్చి వాకిట్లో దించితే ఇంకా ఎక్కువ. సొంతానికి వాడుకునేవాడికి రీవైండింగ్ గిట్టుతుంది, అమ్ముకునేవాడికి గిట్టదు.

పగలగొట్టి రాగి వేరు చేసినా ఒరిగేది తక్కువే. వైండింగ్ మూడున్నర కిలోలు ఉంటే 2,450, ఇనుము 34 కిలోలు 30 చొప్పున 1,020, కలిపి 3,470. పూటంతా ఉలీ సుత్తీ పట్టుకుంటే 470 ఎక్కువ. కూలిమనిషిని పెడితే అదీ మిగలదు. చౌకరకం మోటార్లలో చుట్టింది అల్యూమినియం తీగ కూడా కావచ్చు. పైన వార్నిషు వల్ల రాగిలాగే కనబడుతుంది, గీకితే గానీ తేలదు.

లాభం ఉన్నది కాలని మోటార్లలో. అవి ఎన్నో తేలాలంటే ఎలక్ట్రీషియన్‌ని ఒక పూట పిలిపించండి. షాఫ్టు చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగు పోయినట్టు. పైకీ కిందికీ ఊగితే బేరింగు కూర్చునే చోటు అరిగి ఉండవచ్చు, అది లేతు పని. టెర్మినల్ పెట్టెలో లింకులు విప్పి మూడు వైండింగుల రెసిస్టెన్సు కొలిపించండి. మూడూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే లోపల చుట్లు షార్టయినట్టు, దాన్ని తూకానికి వేసేయండి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే పరికరం) వైండింగుకూ బాడీకీ మధ్య చూస్తే కనీసం 1 మెగోమ్ ఉండాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే. వానలకు షెడ్డులో పడున్న మోటారు చెమ్మ పట్టి 0.2 చూపిస్తుంది, కాలిందనుకుని వదిలేస్తారు. మూతలు విప్పి, రోటరు (లోపల తిరిగే భాగం) బయటికి తీసి రెండు రోజులు ఎండబెట్టండి. రాత్రిళ్లు లోపల 100 వాట్ల బల్బు వెలిగించండి (ఎల్‌ఈడీ కాదు, వేడెక్కే పాతరకం). అంకె పెరుగుతూ పోతే అది చెమ్మే. పెరగకపోతే, లోపల మాడిన వాసన కూడా వస్తుంటే ఆశ వదులుకోండి.

ఇది దాటినదాన్ని స్టార్టరుతో లోడు లేకుండా అరగంట తిప్పి టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం) పెట్టండి. 5 హెచ్‌పీ, 1,440 ఆర్‌పీఎం మోటారు పూర్తి లోడులో 7.5 ఆంపియర్ల దరిదాపుల్లో తీసుకుంటుంది. ఖాళీగా 3, 4 మధ్య, మూడు ఫేజుల్లోనూ సమానంగా ఉంటే బాగున్నట్టే. కొనేవాడి ముందు ఇదే తిప్పి చూపించండి. బేరింగులూ ఆటో పోను, 6,500కు ఇచ్చినా 5,600 మిగులుతుంది, తూకం కంటే 2,600 ఎక్కువ. నేమ్‌ప్లేటు మీద రంగు పడనివ్వకండి, అది చదవలేకపోతే కొనేవాడు బేరం సగం నుంచి మొదలుపెడతాడు.

సింగిల్ ఫేజ్‌వి తిరక్కుండా హమ్‌మంటుంటే ముందు కండెన్సర్ మార్చి చూడండి. చాలాసార్లు పోయేది అదొక్కటే. సబ్‌మెర్సిబుల్‌ను మాత్రం విడిగా బేరమాడండి. బాడీ స్టెయిన్‌లెస్ స్టీలయితే మామూలు ఇనుము రేటుకు ఇవ్వకూడదు.

జీఎస్టీ పేరు చెప్పి రేటు కోస్తే ఒప్పుకోవద్దు. మీకు జీఎస్టీ నంబరు లేకపోతే మీరు కట్టేదేమీ లేదు. నంబరు లేనివారి దగ్గర లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే 2024 అక్టోబరు 10 నుంచి రివర్స్ ఛార్జీ కింద పన్ను కట్టాలి. మిల్లు నంబరు ఇంకా రద్దు కాకపోయినా, పన్ను లెక్కల్లో మోటార్ల మీద తరుగుదల (డిప్రిసియేషన్) చూపించి ఉన్నా అమ్మే ముందే ఆడిటర్‌కు చెప్పండి.

రాగి పెరుగుతుందని ఆగాలనిపిస్తే ఇదొకటి లెక్క వేసుకోండి. మోటార్లన్నిట్లో కలిపి పాతిక కిలోల రాగి ఉందనుకుంటే, కిలోకు 70 పెరిగినా వచ్చేది 1,750. నెల బాడుగ 3,500. కాలినవి ఈ వారమే తూకానికి వేసేయండి, తిరిగేవాటికి నెల గడువు పెట్టుకోండి. ఆలోపు అమ్ముడుపోనివి బాడుగ తేదీకి ముందే అదే అంగడికి పంపండి. కాటా సున్నా చూపిస్తోందో లేదో చూశాకే మొదటి మోటారు ఎక్కించనివ్వండి.