టరాంటులా ఉన్నట్టుండి వణుకుతూ తూలిపోతుంటే ముందుగా చూడవలసినవి, చేయవలసినవి

భీమవరం దగ్గరి పల్లె నుంచి మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది: నాలుగేళ్లుగా పెంచుతున్న టరాంటులా, అంటే ఆ పెద్ద బొచ్చు సాలీడు, నిన్న రాత్రి వరకు మామూలుగానే ఉంది, ఈ ఉదయం చూసేసరికి కాళ్లు వణుకుతూ, అడుగు తడబడుతూ, డబ్బా గోడలకు కొట్టుకుంటోంది. మొన్న చేనిగట్టున పట్టి వేసిన మిడతను తిన్నది, నిన్న వేసిన దాన్ని ముట్టలేదు. తడి టిష్యూ పరిచిన డబ్బాలో మూతపెట్టి ఉంచమని ఒకరు, కాసేపు ఎండ తగలనివ్వమని మరొకరు చెప్పారు. నేను కోనసీమలో ఏడేళ్లుగా ఈ సాలీళ్లను పెంచుతున్నాను. మీరు చెప్పిన లక్షణాలనే మా ఇంట్లో ఒకసారి కళ్లారా చూశాను, ఆ రోజు కొన్ని తప్పులు కూడా చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ పూట చేయవలసిన పని. దానిని ఇప్పుడున్న డబ్బాలోంచి తీసి వేరే శుభ్రమైన డబ్బాలోకి మార్చండి. చేత్తో పట్టుకోవద్దు. ఒక గాజు గిన్నెను దానిమీద నెమ్మదిగా బోర్లించి, కింద నుంచి గట్టి అట్టముక్కను జొనిపి, రెండింటినీ కలిపి ఎత్తితే చాలు. కొత్త డబ్బాను సబ్బు, ఫినాయిలు తగలకుండా వట్టి నీళ్లతో కడిగి, తుడిచి, పక్కలకు చిన్న రంధ్రాలు చేసి, అడుగున తెల్లటి టిష్యూ కాగితం పొడిగానే పరచండి. కొబ్బరి పొట్టు ఇప్పుడు వేయకండి, ఎందుకంటే పాత పొట్టులోనే విషం ఉందేమో మనకు తెలియదు, పైగా తెల్ల కాగితం మీదైతే అది ఎటు నడిచింది, ఏమి విసర్జించింది, ఎక్కడైనా రక్తం కారిందా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. సీసా మూతంత లోతు తక్కువ పాత్రలో నీళ్లు పెట్టండి. దోమల మందు యంత్రం, దోమల చుట్ట, అగరుబత్తి ఏవీ వెలిగించని గదిలో, నీడలో, గాలి ఆడే చోట, చీకటిగా ఉంచండి. తిండి పెట్టవద్దు. డబ్బాలో మిగిలిన మిడతను వెంటనే తీసేయండి, నీరసించిన సాలీడును ఆ మిడతే కొరికే ప్రమాదం ఉంది.

ఎండ మాట పూర్తిగా మరిచిపోండి. మన డెల్టా ఎండకు మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బా కొద్ది నిమిషాల్లోనే పొయ్యి అవుతుంది. తడి టిష్యూ డబ్బా సలహా మాత్రం పెంపకందారుల్లో చాలాకాలం చెలామణిలో ఉన్నదే, నేనూ నమ్మినదే. అయినా అదీ వద్దు. నీరు తాగవలసిన ప్రాణికి తేమగాలి పట్టించడం వల్ల దాహం తీరదు. టరాంటులా నోటితో తాగుతుంది, చర్మంతో కాదు. ఊపిరితిత్తులు పొట్ట అడుగున రెండు జతలుగా ఉంటాయి, పుస్తకంలో పుటల్లా పొరలు పొరలుగా ఉండడం వల్ల వాటిని పుస్తకాకార ఊపిరితిత్తులు అంటారు. గాలి ఆడని తడి డబ్బాలో అది కూర్చునేది సరిగ్గా ఆ భాగాన్ని తడి కాగితానికి ఆనించే. వానాకాలంలో మన గాలిలో ఉండే తేమ చాలదన్నట్టు దానికి మరికొంత చేర్చడం బూజుకు, నల్లి జాతి పురుగులకు దారి ఇవ్వడమే.

ఇక ఇది ఏ జబ్బు అన్న ప్రశ్న. టరాంటులా మనకు చెప్పగలిగినదంతా దాని కాళ్లతోనే చెబుతుంది. మూడు భంగిమలను గుర్తుపట్టగలిగితే సగం భయం తీరుతుంది.

మొదటిది వెల్లకిలా పడుకోవడం. ఇది జబ్బు కాదు, కుబుసం విడవడం. నా మొదటి సాలీడు మధ్య అమెరికా ప్రాంతపు కర్లీ హెయిర్ రకం. సంక్రాంతి ముందు ఒక ఉదయం మా అమ్మ డబ్బా వైపు చూసి, "ఒరేయ్, నీ పురుగు ఎల్లకిలా పడి సచ్చిపోయిందిరా, తీసి పెంటకుప్పలో పారెయ్యి" అని కేకేసింది. నేను దానిని తిరగవేయబోతుండగా రొయ్యల చెరువులు చేసే మా బాబాయి వచ్చి, వంగి చూసి, "ఆగరా, సచ్చిపోలేదు. గుల్ల వదుల్తోంది. మా రొయ్యలూ ఇంతే కదా" అన్నారు. ఆ మాటే దానిని బతికించింది. ఆ సమయంలో తిరగవేసినా, కదిపినా లోపలి మెత్తటి చర్మం చిట్లి చచ్చిపోయేది. దాదాపు నాలుగు గంటల తర్వాత పాత గుల్ల పక్కన కొత్త సాలీడు పడి ఉంది, కోరలు లేత కొబ్బరంత తెల్లగా ఉన్నాయి. అవి ఎర్రబడి, తర్వాత నల్లబడేవరకు దానికి తిండి పెట్టకూడదు. పెద్ద సాలీడుకైతే కనీసం పదిరోజులు ఆగాలి. కుబుసానికి ముందు కొన్ని వారాలపాటు తిండి మానడం, రంగు వెలిసిపోవడం, పొట్టమీద వెంట్రుకలు రాలిన చోట చర్మం నల్లబడి నిగనిగలాడడం మామూలే. మీది నిన్న మిడతను ముట్టకపోవడం ఒక్కటే ఉండి ఉంటే నేను కంగారు పడవద్దనే రాసేవాడిని.

రెండవది కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుపోవడం. ప్రమాదకరమైనది ఇదే. టరాంటులా కాలి ముఖ్యమైన కీళ్లలో ముడిచే కండరాలు ఉన్నాయి గానీ చాచే కండరాలు లేవు. చెరువులు తవ్వే ప్రొక్లెయిన్ చెయ్యి నూనె ఒత్తిడితో చాచుకున్నట్టు, దాని కాలు లోపలి రక్తపు ఒత్తిడితో చాచుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోతుంది, ముడిచే కండరాలదే పైచేయి అవుతుంది. ఒక వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, పెళ్లికని రాజమండ్రి వెళ్లి మూడు రోజులు ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి నీటి పాత్ర అడుగున తెల్లటి చార మాత్రమే మిగిలింది, సాలీడు పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉంది. కోరలున్న ముందు భాగాన్ని నీటి అంచున ఆనించి, పొట్ట మాత్రం బయట పొడిగా ఉండేట్టు పెట్టాను. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత నోటి దగ్గర నీటి ఉపరితలం సన్నగా అదరడం చూశాను. ఇరవై నిమిషాలకు పైగా తాగింది. సాయంత్రానికి ముందు కాళ్లు రెండూ చాచింది. మీది ముడుచుకుపోతే ఇదే చేయండి, ఊపిరితిత్తులు మాత్రం మునగనివ్వకండి.

మూడవది మీరు చెప్పినదే: కాళ్లు చాచుకునే ఉంటాయి, కానీ వాటిమీద దానికి అదుపు ఉండదు. ఆరోగ్యంగా ఉన్న సాలీడు ఎనిమిది కాళ్లనూ ఒక వరుసలో, ఎంతో నిదానంగా వేస్తుంది. ఈ స్థితిలో ఒక్కో కాలిది ఒక్కో దారి. మా వీధిలో డెంగీ భయంతో దోమల పొగ కొట్టిన సాయంత్రం నేను కిటికీ మూయడం మరిచాను. మర్నాడు తెల్లవారుజామున డబ్బాలోంచి టకటకమని సన్నని చప్పుడు వినిపించి లేచాను. ముందు కాలు ఒకటి ప్లాస్టిక్ గోడను ఆగకుండా కొడుతోంది, వెనక కాలు మరొకటి తన మీదికే మెలిపడి ఉంది, అది ముందుకు నడవబోయి పక్కకు ఒరిగిపోతోంది. పెంపకందారులు దీనిని డీకేఎస్ అంటారు, అంటే కదలికల పొందిక తప్పిన స్థితి. ఇది ఒక జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. వెనక కారణాలు వేరువేరుగా ఉండవచ్చు గానీ, మొదట అనుమానించవలసినది పురుగుమందునే. దోమల మందుల్లో ఎక్కువగా వాడే పైరెథ్రాయిడ్లు నరాల మీద పనిచేస్తాయి, మనుషులకు పెద్దగా హాని చేయని మోతాదు కూడా కీటకాలకు, సాలీళ్లకు ప్రాణాంతకం కాగలదు. వరిచేలో కొట్టిన మందు నీరు చెరువులోకి దిగితే రొయ్యలు ఏమవుతాయో మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు, సాలీడు ఆ రొయ్యకు దూరపు చుట్టమే.

ఆ రోజు నా దగ్గర రెండు ఉన్నాయి. చిన్నదానిని తడి టిష్యూ డబ్బాలో పెట్టి మూత బిగించాను, అది రెండో రోజు పోయింది. విషం వల్ల పోయిందా, నా వైద్యం వల్ల పోయిందా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. అప్పటికే టిష్యూలు అయిపోవడంతో పెద్దదానిని పొడి కాగితం మీద నీటి మూతతో వదిలేశాను, అంతే తప్ప అందులో నా తెలివి ఏమీ లేదు. అది మొదటి నాలుగు రోజులు అలాగే కొట్టుకుంది, తర్వాత వణుకు తగ్గుతూ వచ్చింది, మూడు వారాలకు నేరుగా నడిచింది. విరుగుడు మందు లేదు. విషం తక్కువగా తగిలితే ఒళ్లే దానిని నెమ్మదిగా వదిలించుకుంటుంది, ఎక్కువగా తగిలితే మనం చేయగలిగింది లేదు.

మీ విషయంలో నా అనుమానం ఆ చేనిగట్టు మిడత మీదే. సుడిదోమకో, కాండం తొలిచే పురుగుకో మందు కొట్టిన చేలో మనకు సులువుగా చేతికి చిక్కే మిడత ఏదో ఆలోచించండి. మందు తగిలి, ఇంకా చావక, ఎగరలేక ఉన్నదే. పక్క చేలో ఈ వారం మందు కొట్టారేమో అడగండి, డ్రోనుతో కొడితే గాలివాటున ఇంటిదాకా వస్తుంది. కుక్కకు గోమార్ల మందు పూసిన చేత్తోనో, ఒంటికి దోమల క్రీము రాసుకున్న చేత్తోనో డబ్బా సర్దారా, చీమల సుద్దతో బల్ల చుట్టూ గీత గీశారా అన్నవి కూడా గుర్తుచేసుకోండి. చీమలకు నేను ఇప్పుడు మా అమ్మమ్మ పద్ధతే వాడుతున్నాను: పాల బీరువా కాళ్ల కింద పెట్టినట్టు బల్ల కాళ్ల కింద నీటి గిన్నెలు. ఆహారానికి చేని పురుగులను పూర్తిగా మానేసి, పెంపకంలో పుట్టిన చిమ్మెటలను (కీచురాళ్లను), బొద్దింకలనే వేస్తున్నాను.

పొడి కాగితం మీదికి మార్చేటప్పుడు మరి కొన్ని చూడండి. కోరల మధ్య తెల్లటి జిగురులాంటి ముద్ద, దుర్వాసన ఉంటే అవి నులిపురుగులు కావచ్చు. దానిని మిగతా సాలీళ్లకు దూరంగా పెట్టి, చేతి తొడుగులు వేసుకుని, వాడిన పాత్రలను వేరుగా ఉంచండి, నమ్మదగిన చికిత్స లేదు. ఎత్తు నుంచి పడిందేమో కూడా చూడండి, వీటి పొట్ట నీటి బుడగంత సున్నితం. వీటి రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉన్న హీమోసయనిన్ ఉంటుంది కాబట్టి అది ఎర్రగా ఉండదు, లేత నీలి ఛాయతో నీళ్లలా కనిపించి మనం గమనించకుండా పోతాం. కారుతుంటే వంటింటి తెల్లటి మొక్కజొన్న పిండిని (కార్న్‌ఫ్లోర్) దూది పుల్లతో ఆ చోట మాత్రమే అద్దండి, ఊపిరితిత్తుల మీద పడనివ్వకండి. మీది మగదై, ముందు కాళ్లకు లోపలివైపు కొక్కేలు, నోటి పక్కనున్న చిన్న కాళ్ల చివర ఉబ్బెత్తు బొడిపెలు ఉంటే దానికి వయసు నిండినట్టే. అటువంటివి చివరి కుబుసం తర్వాత చాలావరకు కొన్ని నెలల నుంచి ఏడాది, రెండేళ్ల లోపు పోతాయి. అయితే ఆ క్షీణత ఒక్క రాత్రిలో వచ్చేది కాదు.

మీది ఏ రకమో రాయలేదు. అమెరికా ఖండాల రకమైతే చాలావరకు పొట్టమీది వెంట్రుకలను దులుపుతుంది, అవి కంట్లో పడితే ఆసుపత్రికి వెళ్లవలసి వస్తుంది, ముఖం దగ్గరగా పెట్టి చూడకండి. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన మన గుత్తి నీలి సాలీడు వంటి ఆసియా రకమైతే ఆ వెంట్రుకలు ఉండవు గానీ విషం తీవ్రం, కాటుకు కండరాలు రోజుల తరబడి పట్టేయవచ్చు. అదుపు తప్పిన సాలీడు ఎటు దూకుతుందో దానికే తెలియదు. పశువైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలా అని కూడా అడిగారు. నేను తీసుకువెళ్లాను. గేదెలకు, కోళ్లకు వైద్యం చేసే ఆ పెద్దాయన డబ్బాలోకి చాలాసేపు చూసి, "నాకు తెలియదండీ, తెలియనిదానికి మందు రాయలేను" అన్నారు. ఆయన మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. ఇలాంటి అరుదైన పెంపుడు జంతువులకు వైద్యం చేసేవారు దొరికితే ఫోటోలు, వీడియో పంపి మాట్లాడండి, గుంతల దారిలో బస్సులో కుదిపి తీసుకువెళ్లవద్దు.

ఇకపై రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి, మూత తీయకుండానే చూసి ఏ కాళ్లు వణుకుతున్నాయి, నీటి దగ్గరకు వెళ్లిందా అని చీటీ మీద రాసుకోండి. స్వయంగా నీటిని చేరలేకపోతే రోజుకొకసారి నేను పైన చెప్పినట్టు ముందు భాగాన్ని నీటి అంచున ఆనించండి. వణుకు పూర్తిగా ఆగి వారం గడిచేవరకు తిండి వద్దు. నిండుగా తిన్న పెద్ద సాలీడు నెలల తరబడి ఆకలికి ఓర్చుకోగలదు, దాహానికి ఓర్చుకోలేదు. ఆ తర్వాత మొదటిసారి వేసేది చిన్న చిమ్మెటై ఉండాలి, దాని తలను ముందే నలిపి వేయండి. ఒకవేళ కదలిక ఆగిపోయినా వెంటనే పాతిపెట్టకండి. మెత్తని కుంచెతో కాలి చివర తాకి చూస్తూ రెండు రోజులు ఆగండి. వాసన మొదలై, కాళ్లు పట్టు లేకుండా వేలాడినప్పుడే పోయిందని నిర్ధారించుకోండి. రేపు ఉదయానికి ఎలా ఉందో, ఏ రకమో, పక్క చేలో ఏ మందు కొట్టారో ఇక్కడే రాయండి, చూసి జవాబిస్తాను.