తాతగారి రివాల్వర్ తిరగడం లేదు, నేనే విప్పవచ్చా?

"మా తాతగారి పాత .32 రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరగడం లేదు. నాకు పనిముట్లు పట్టడం బాగానే వచ్చు. నేనే విప్పనా, బయట ఇవ్వనా?" అని అడిగారు.

విప్పకండి. ఈ మాట చెబుతున్నవాడు స్క్రూడ్రైవర్ చూసి జడుసుకునే రకం కాదు. నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర మాకు రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలోకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు, గేరు బాక్సులు, జనరేటర్ అన్నీ నేనే విప్పుతాను. అర్ధరాత్రి ఏరియేటర్ ఆగితే తెల్లారి మెకానిక్ వచ్చేదాకా రొయ్య బతకదు కదా. మా నాయన నాకంటే ఘనుడు. ఆ ఘనత వల్లే ఈ కథ.

ఆయనకు కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారైన రివాల్వర్ ఉంది. ధాన్యం వ్యాపారం చేసే రోజుల్లో, డబ్బు సంచితో రాత్రిళ్లు తిరగాల్సి వచ్చి 1998లో కొన్నాడు. ఇప్పటిదాకా మనిషి మీదికి కాదు కదా, కుక్క మీదికి కూడా ఎత్తలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం, అదే దాని ఉద్యోగం. 2024లో మార్చిలో ఇచ్చి జూన్‌లో తెచ్చుకున్నాం. తోలు ఒరలో పెట్టి అలాగే ఇచ్చేశాం, తప్పు మాదే. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, పైగా మాది ఉప్పుగాలి తగిలే ఊరు. తెచ్చి చూస్తే ట్రిగ్గర్ సగం దాకా వచ్చి మొరాయిస్తోంది.

"ఏముందిరా ఇందులో, కుట్టుమిషన్ కంటే తక్కువే" అన్నాడు నాయన. తూటాలు తీసి లెక్కపెట్టి అమ్మకిచ్చాడు. "ఆ పీడను ఇంట్లో పెట్టుకోకపోతే ఏమయ్యా" అని ఆమె అవి తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. వసారాలో పాత పంచె పరిచి, పిడి చెక్కలు ఊడదీసి, ఒక్కో స్క్రూ తిప్పుతున్నాం. స్క్రూడ్రైవర్ మొన గాడిలో సరిగ్గా కూర్చోక రెండు స్క్రూల తలలు చెక్కుకుపోయాయి. మూడోది వదులవగానే లోపలి స్ప్రింగు టప్పున ఎగిరి, నాయన కళ్లద్దాల అంచుకు తగిలి ఎటో పోయింది. కళ్లద్దాలు లేకపోతే ఏమయ్యేదో నేను రాయను.

పాత స్పీకర్ అయస్కాంతానికి పురికొస కట్టి సాయంత్రం దాకా వసారా అంతా ఈడ్చాను. రెండు పిన్నీసులు, ఒక సోడా మూత, పాత పావలా బిళ్ల దొరికాయి. స్ప్రింగు మాత్రం నాయన విడిచిన చెప్పులో పడుంది. ఈలోపు మేత టైమైందని నేను గుంటల దగ్గరికి వెళ్లాను. వచ్చేసరికి ఆయన మొత్తం బిగించేసి కూర్చున్నాడు. ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ ఠకఠకా తిరుగుతోంది. "చూశావా!" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది.

కానీ రాత్రి ఊరికే చేతిలోకి తీసుకుని మెల్లగా తిప్పితే, ఒకటి రెండు చోట్ల సిలిండర్ పూర్తిగా రాకముందే ఆగుతున్నట్టు అనిపించింది. మోటారు షాఫ్టు రవ్వంత వంగితే కూత పెట్టి చెబుతుంది. ఇది చెప్పదు. ట్రిగ్గర్ లాగినప్పుడు లోపల ఒక చిన్న కొక్కెం లేచి సిలిండర్ వెనక పళ్లను నెడుతుంది. సిలిండర్‌లో తూటాలుండే గదులు ఆరు కాబట్టి ఒక్కో నొక్కుకు సరిగ్గా 60 డిగ్రీలు తిరగాలి, గొట్టానికి ఎదురుగా గది రాగానే గడియ పడాలి. వెంట్రుక వాసి తేడా వస్తే గుండు గొట్టం అంచుకు కొట్టుకుని, సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి. పక్కన ఎవరుంటే వాళ్లకి.

ఇక నా మాటే నెగ్గింది. లైసెన్సు ఉన్న డీలరుకే ఇవ్వాలన్నాను. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్‌లో తయారీ, అమ్మకం పక్కనే రిపేరు కూడా ఉంది, లైసెన్సు లేకుండా కూడదని. మూడో సెక్షన్‌లో ఒక వెసులుబాటు కూడా ఉంది: లైసెన్సుదారు కాగితం రాసిస్తే రిపేరుకు వేరేవాళ్లు తీసుకెళ్లొచ్చు. నాయనకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి నేనే బయల్దేరాను. చెన్నై మాకు దగ్గర, కానీ మా లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే. తడ దాటి తమిళనాడు ఆరంబాక్కంలో అడుగుపెడితే నేను నేరస్థుణ్ణి. అందుకని దగ్గరున్న ఊరు వదిలి ఉత్తరానికి ఐదు గంటలు కారు నడిపాను.

దుకాణంలో పెద్దాయన రివాల్వర్ కంటే ముందు స్క్రూల తలలు చూశాడు. "ఏం బాబూ, ఆపరేషన్ ఇంట్లోనే చేశారా?" అన్నాడు. గొట్టంలోంచి ఒక సన్నటి కడ్డీ దూర్చి ఆరు గదులూ చూశాడు. నాలుగింట్లోకి జారింది, రెండింటి దగ్గర అంచుకు తగిలి ఆగింది. విప్పి, ఆ కొక్కేన్ని భూతద్దంలో చూసి, "దీనికి ఆకురాయి పట్టిందెవరు?" అన్నాడు. ఎవరూ పట్టలేదన్నాను. నాయనకు ఫోన్ చేశాను. కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "కొంచెమేరా... బిగుతుగా ఉందని" అన్నాడు.

ఆ కొక్కేనికి పైపొర మాత్రమే గట్టి ఉక్కు. అది అరగదీస్తే లోపలి మెత్తటిది బయటపడి ఇంకా అరుగుతుంది. అరిగినదాన్ని మళ్లీ అతికించలేం. అన్నిటికంటే కడుపుమంట ఏంటంటే, అసలు జబ్బు ఆ కొక్కెం కాదు. నాయన ఏళ్ల తరబడి పూసిన కొబ్బరినూనె, దుమ్ము, తుప్పు కలిసి లోపల బంకలా కట్టింది. శుభ్రం చేస్తే పోయేది. కొత్త భాగం డీలరు తెప్పించి బిగించేసరికి మూడు నెలలు పట్టింది, మా రిపేరును సరిచేసినందుకే ఎక్కువ తీసుకున్నాడు.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు బల్ల మీద విప్పి బిగిస్తుంటారు, అది చూసి మనవాళ్లకు చేతులు దురదపెడతాయి. అక్కడ భాగాలు పోస్టులో వస్తాయి, ఇక్కడ రావు. ఇంకో రకం వీరులున్నారు, పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చేవాళ్లు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు. మా వైపు బంధువుల్లో ఒకాయనకు అది చెబితే నవ్వుతాడు.

మీరు చేయదగ్గది: తూటాలు తీసేసి, బయట పొడిగుడ్డతో తుడిచి, తోలు ఒరలోంచి బయటపెట్టడం, అంతే. తూటా లోపలుండగానే సిలిండర్ బిగుసుకుంటే అది కూడా ముట్టుకోకండి. ఇంకొకటి, తాతగారిది అన్నారు. ఆయన ఉన్నారా? లేకపోతే, మీ పేరు మీద లైసెన్సు లేకపోతే, ఆ రివాల్వర్ మీ ఇంట్లో ఉండకూడదు. ముందు స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి, రిపేరు సంగతి తర్వాత.

మాది ఇప్పుడు బాగానే తిరుగుతోంది. దాంతోపాటు ఆకురాయిని కూడా బీరువాలో పెట్టి తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. మొన్న మిక్సీ జారు పట్టడం లేదని నాయన ఆకురాయి అడిగాడు. దానికైతే ఇచ్చాను.